తుంబురు కోనలో తపస్విని
తరిగొండ వెంగమాంబ జీవితము

దేవలోకమున గానము చేయువారు గంధర్వులు. విశ్వావసువు, చిత్రరథుడు, హాహా, హూహూ, తుంబురుడు మొదలగు వారి పేరులు మన పురాణములలో తరచుగా వినబడుచుండును. సామవేదమునకు ఉపవేదమైన సంగీతశాస్త్రమునకు గాంధర్వవేదమని పేరు వచ్చినది వీరి వలననే. ఎవరైనను శ్రుతిశుద్ధముగా పాడినచో నేటికిని వారిని గానగంధర్వులని పెద్దలు మెచ్చుకొందురు. అయినను ఈ గంధర్వుల బ్రతుకు సుఖమయమని తలచుటకు వీలు లేదు. గజేంద్రుని కాలు పట్టిన మొసలి దేవలముని శాపమునకు గురియైన హూహూ గంధర్వుడని భాగవతము చెప్పుచున్నది. దండకారణ్యములో సీతాదేవిని ఎత్తుకొనిపోబోయిన విరాధుడు, కుబేరుని శాపమున రాక్షసరూపము దాల్చిన తుంబురుడని శ్రీమద్రామాయణము చెప్పుచున్నది. పాట తెలిసినవారికిని కష్టము తప్పలేదు. కష్టము తీరిన పిమ్మట పాట మరల వారిని చేరినది.

గంధర్వులందరిలోను తుంబురుడు ప్రసిద్ధుడు. ఆతడు అశ్వముఖుడని ప్రతీతి. నారదుని వీణకు మహతి అనియు, తుంబురుని వీణకు కళావతి అనియు పేరులు. మన భజనలలో శ్రుతి నిలుపు తంబురకు ఆతని పేరే వచ్చినదని లోకము నమ్ముచున్నది. పదునారవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయములో తుంబురుని గానమును చూచి నారదునకు అసూయ కలుగుటయు, దానిని గెలువదలచి ద్వారకలో జాంబవతి, సత్యభామ, రుక్మిణీదేవుల యొద్ద సంగీతము నేర్చుకొనుటయు చక్కగా వర్ణింపబడినవి. దేవమునియే స్త్రీల పాదసన్నిధిని కూర్చుండి విద్య నేర్చెనన్న ఆ కథ తెలుగువారికి ముచ్చటయైనది. కాని కావ్యములో ముచ్చటగా తోచిన సంగతి సంఘములో కనులకు కట్టినపుడు లోకులు సహింపలేకపోయిరి. ఆ సంగతి తరిగొండ వెంగమాంబ జీవితము వలన తెలియుచున్నది. ఆమె జీవితమునకు తుంబురుని పేరుతో విడదీయరాని సంబంధము కలదు.

తిరుమలకొండ మీద పాపవినాశనమును దాటి శేషాచలారణ్యములో చాల దూరము నడచినచో తుంబురు తీర్థము వచ్చును. దీనికే ఘోణతీర్థమనియు పేరు. రెండు ప్రక్కలను ఎత్తైన రాతిగోడలు, నడుమ ఇరుకైన లోయ, ఆ లోయలో నీరు. కొండను గొడ్డలితో నిలువున చీల్చినట్లుండును. ఫాల్గుణ పూర్ణిమనాడు జరుగు తుంబురు తీర్థ ముక్కోటికి భక్తులు అడవిదారిని నడచి అచ్చటికి పోవుదురు. తక్కిన దినములలో అది పక్షులకును మృగములకును నివాసము.

ఈ తీర్థమునకు ఆ పేరు వచ్చిన కథను వేంకటాచల మాహాత్మ్యములు చెప్పుచున్నవి. తుంబురుడు మాఘమాసమున ప్రాతఃస్నానము చేయుమని తన భార్యకు చెప్పెను. చలికి వెరచి ఆమె ఒప్పుకొనలేదు. గంధర్వుడు కోపించి, ఘోణతీర్థము చెంత రావిచెట్టు తొర్రలో కప్పవై పడియుండుమని ఆమెను శపించెను. చాల కాలమునకు అగస్త్యమహర్షి శిష్యులతో వచ్చి ఆ చెట్టు నీడను కూర్చుండి తీర్థమహిమను వివరించుచుండగా, తొర్రలోని కప్ప ఆ మాటలను విని పూర్వరూపమును పొందెను. శాపమిచ్చినది భర్త, విడిపించినది చెవిని బడిన పుణ్యకథ. ఆ కోనలోనే పదునెనిమిదవ శతాబ్దమున ఒక తెలుగు ఆడుబిడ్డ, లోకము తన నోటికి వేయజూచిన తాళమును త్రెంచుకొని, ఏండ్ల తరబడి తపస్సు చేసి, పాటలు కట్టినది. ఆమెయే వెంగమాంబ.

వెంగమాంబ 1730లో తరిగొండ గ్రామమున జన్మించెను. ఆ ఊరు వాయల్పాడు ప్రాంతములోనిది; ఆ ప్రాంతము 1911 వరకు కడప జిల్లాలో నుండి, ఆ యేడు ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినది. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. వారు నందవరీక బ్రాహ్మణులు, వాసిష్ఠ గోత్రజులు. తరిగొండలో వెలసిన దైవము లక్ష్మీనరసింహస్వామి. ఒక ఇల్లాలు పెరుగు చిలుకుచుండగా కవ్వమునకు రాయి తగిలెననియు, ఆ తరికుండలో దొరికిన శిలయే స్వామియనియు, అందువలననే ఊరికి ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. ఆడువారి చేతి పనిలో నుండి పుట్టిన దేవుని ఊరిలో ఆమె పుట్టినది. తన రచనలలో వెంగమాంబ ఆ ఊరిని తరికుండ అనియే వ్రాసికొన్నది.

బాల్యము నుండియే ఆమెకు స్వామి పాటలపై మనసు. గుడిలో కూర్చుండి పాడుట, ఒంటరిగా ధ్యానించుట, ఆవేశము కలిగినపుడు ఆడుట, ఇవి చూచి కొందరు బిడ్డకు మతి చలించినదనిరి. కృష్ణయ్య భయపడి, నాటి ఆచారము ననుసరించి చిన్నతనముననే వివాహము జరిపించెను. వరుని పేరు వేంకటాచలపతి. కొలదికాలమునకే ఆతడు మరణించెను. కాపురమన నేమో తెలియని వయసున ఆమెను విధవయన్నారు.

ఆ కాలమున ఆ మాటకు అర్థమేమో మన ముత్తవ్వల కథలు విన్నవారికి చెప్పనక్కరలేదు. తల గొరిగించుకొనవలెను, కుంకుమయు, పువ్వులును, గాజులును మానవలెను, శుభకార్యములకు ఎదురు రారాదు, నలుగురిలో నోరెత్తరాదు. వెంగమాంబ ఒప్పుకొనలేదు. తాను శ్రీవేంకటేశ్వరునే భర్తగా వరించితిననియు, ఆ నిత్యుడు ఉండగా తనకు వైధవ్యము లేదనియు ఆమె భావము. జుట్టు తీయించుకొనలేదు, బొట్టు చెరుపుకొనలేదు, పాట మానలేదు. ఊరివారు కృష్ణయ్యను నిందించిరి. ఆతడు కూతురి పట్టుదలకును సంఘపు కట్టుబాటునకును నడుమ నలిగిపోయెను. కాని ఆమెకు గురువును వెదకి, మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య దేశికుని యొద్దకు పంపుటయు ఆ తండ్రి చేసిన పనియే. ఆ గురువు ఆమెకు యోగమార్గమును ఉపదేశించెను. ఆమె సాధన నిలుకడను పొందినది ఆ ఉపదేశము వలననే.

ఈ ఘట్టమునకు సంబంధించి జనులు ఒక కథ చెప్పుదురు. ఒక పీఠాధిపతి ఆ ఊరికి విచ్చేయగా, గ్రామపెద్దలు వెంగమాంబను ఆయన ముందు నిలిపిరట. కేశములతో నున్న విధవ తనకు నమస్కరింపలేదని ఆయన ఆక్షేపించెనట. పీఠము దిగినచో నమస్కరింతునని ఆమె చెప్పి, ఆయన దిగిన పిదప ఆ పీఠమునకు మ్రొక్కగా అది భగ్గున మండెనట. ఇది చరిత్రమని చెప్పుటకు ఆధారము లేదు. కాని ప్రజలు ఇట్టి కథను రెండు శతాబ్దములకు పైగా చెప్పుకొనుచున్నారనుటలోనే ఒక సత్యము కలదు. నాడు ఆమెను దండింపజూచినవారి పేరులను జనము మరచినది. ఆమె పేరును మరువలేదు.

తరిగొండలో నుండగనే ఆమె రచన ఆరంభమైనది. మొదటిది తరిగొండ నృసింహ శతకము. పిమ్మట నృసింహవిలాస కథ, శివనాటకము, బాలకృష్ణ నాటకము అను యక్షగానములును, రాజయోగామృతసారమను ద్విపద కావ్యమును వెలువడినవి. తాను ఒజ్జ యొద్ద ఓనమాలు నేర్వలేదనియు, ఛందస్సును అలంకారశాస్త్రమును అభ్యసింపలేదనియు, స్వామి పలికించినట్లు పలికితిననియు ఆమె తన కృతుల పీఠికలలో చెప్పుకొన్నది. ఆడుపిల్లలకు బడి లేని దినములవి. గుడిలో పురాణము విని, భజనలో తాళము విని, ఇంటిలో పెద్దల పాట విని, ఆ వినికిడియే చదువుగా ఆమె కవయిత్రి యైనది.

కొన్నాళ్ళకు గుడిలోనే చిక్కు వచ్చినది. ఆంజనేయుని విగ్రహము వెనుక కూర్చుండి ధ్యానించుచున్న ఆమెను అర్చకుడు బయటికి ఈడ్చెనని చెప్పుదురు. పుట్టిన ఊరిలో, తన దైవము సన్నిధిలోనే చోటు లేదని తెలిసిన పిమ్మట వెంగమాంబ తరిగొండను విడిచెను. కాలినడకను తిరుమల చేరెను. ఒంటరి స్త్రీ, చేతిలో ధనము లేదు, వెంట బంధువు లేడు. నాటి రాయలసీమ పాళెగాండ్ర పోరులతోను, నవాబుల దండయాత్రలతోను అల్లకల్లోలమై యుండెను. ఆ దారిని ఆమె నడచినది పాట తోడుగా మాత్రమే.

కొండపై ఆమెకు ఆదరణ దొరికినది. సంకీర్తనాచార్యుడైన తాళ్ళపాక అన్నమాచార్యుని వంశీయులు ఆమెకు తోడ్పడిరనియు, హాథీరాంజీ మఠమువారు వసతి కల్పించిరనియు సంప్రదాయము. కాని అచ్చటను నిందలు వెంటాడినవి. పొరుగున నుండిన అర్చకుడొకడు ఆమె వాకిటిలో ఎంగిలియాకులు వేయించి బాధించెనని చెప్పుదురు. జనుల కలహము సాధనకు విఘ్నమగుచున్నదని యెంచి వెంగమాంబ ఇల్లు విడిచి అడవిని పట్టెను. ఆమె చేరిన చోటు తుంబురు కోన.

ఎర్రచందనపు చెట్లు, నునుపుదేరిన బండలు, ఎండాకాలములోను చల్లగా నుండు నీరు, రాతిగోడల నడుమ పిలిచినచో మరల పలుకు ప్రతిధ్వని. ఆ కోనలో ఆమె ఏండ్ల తరబడి నివసించెను. దేవగాయకుడు తపస్సు చేసినదని ప్రసిద్ధమైన చోట, ఆతని శాపమున ఒక స్త్రీ మూగజీవియై పడియుండిన చోట, ఈ స్త్రీ నోరు విప్పి పాడినది. గుహలో యోగసాధనయు కావ్యరచనయు కలిసి సాగినవి. కోన నుండి గర్భాలయము వరకు సొరంగము ఏర్పడినదనియు, రాత్రివేళ ఆమె ఆ దారిని వచ్చి స్వామికి హారతి యిచ్చి పోవుచుండెననియు భక్తులు చెప్పుకొందురు. తెల్లవారి తలుపులు తెరచిన అర్చకులకు గర్భగుడిలో ముత్యములు కనబడెడివట. అవి ఎవరివని విచారింపగా ఆమె భక్తి బయలుపడెనట. పిదప పెద్దలు తామే వెళ్ళి, ఆమెను ఊరిలోనికి మరల రమ్మని వేడుకొనిరి.

ఆ కథలోని సొరంగమును నమ్మినను నమ్మకున్నను, దాని ఫలితము మాత్రము కనులార చూడదగినది. తిరుమలలో దినమంతయు జరిగిన సేవల చివర రాత్రివేళ ఏకాంతసేవ జరుగును. భోగ శ్రీనివాసమూర్తిని ఊయలమంచముపై పవళింపజేయుదురు. అపుడు తాళ్ళపాకవారి లాలి పాడబడును. తరిగొండవారి హారతి ఈయబడును. పళ్ళెములో ముత్యములు పేర్చి యిచ్చు ఆ హారతికి ముత్యాలహారతి యని పేరు. తలుపులు మూయుటకు ముందు స్వామికి చెల్లు చివరి మర్యాదలలో ఇది యొకటి. గుడి నుండి ఈడ్చివేయబడిన స్త్రీ పేరిట గుడిలో నిత్యసేవ ఏర్పడినది. ఆమెను శిక్షించుటకు ఒకనాడు ఆచారమును చూపిరి. మరియొకనాడు ఆమె పేరే ఆచారమైనది.

కోన నుండి వచ్చిన పిదప కూడ ఆమె కలము ఆగలేదు. విష్ణుపారిజాతము, రుక్మిణీనాటకము, గోపీనాటకము, చెంచునాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము మొదలగు యక్షగానములు, తత్త్వకీర్తనలు, శ్రీకృష్ణమంజరి, అష్టాంగయోగసారము, ద్విపదలో భాగవతమును వాసిష్ఠరామాయణమును, పద్యకావ్యముగా వేంకటాచల మాహాత్మ్యమును ఆమె రచించెను. తాళ్ళపాక తిమ్మక్క, ఆతుకూరి మొల్ల మున్నగు కవయిత్రుల వరుసలో ఇంత విస్తారముగా వ్రాసినవారు అరుదు.

ఈ రచనలలో ఎక్కువ భాగము ద్విపదలును యక్షగానములును అగుట గమనింపదగినది. ద్విపద రెండేసి పాదముల దేశిఛందస్సు; దంచునపుడు, విసరునపుడు, బిడ్డను ఊపునపుడు పాడుకొనుటకు అనువైనది. యక్షగానము పాటయు మాటయు ఆటయు కలిసినది. చదువు రానివారును చూచి ఆనందింపగలరు. రాజుల కొలువును ఆమె ఆశ్రయింపలేదు. అక్షరములు తెలియని ఆడువారు, పొలములో పని చేయువారు, యాత్రికులు, వీరు వినుటకు వీలైన రూపములను ఏరుకొన్నది. పెద్ద తత్త్వమును చిన్న పాటలో చెప్పుట ఆమె నేర్పు. యోగశాస్త్రమును గూర్చి ఒక స్త్రీ తెలుగులో వ్రాయుట నాటికి సామాన్య విషయము కాదు.

కవిత్వముతో పాటు ఆకలిని గూర్చియు ఆమె ఆలోచించినది. కొండ నెక్కి వచ్చు యాత్రికులకు చలివేంద్రములు పెట్టించెను. నృసింహజయంతి సందర్భమున అన్నదానము జరిపించెను. ఇందుకై దాతలు ఆమెకు భూములును ధనమును ఒసగిన దానపత్రములు కలవు. ఒకప్పుడు వెలివేయబడిన విధవ చేతి అన్నము నానా దేశముల యాత్రికులు తిని పోయిరి. అందువలననే తిరుమలలో నిర్మింపబడి 2011లో ప్రారంభమైన నిత్యాన్నప్రసాద భవనమునకు తిరుమల తిరుపతి దేవస్థానములవారు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. నేడు కొండపై అన్నము తిను భక్తుడు తెలిసియో తెలియకయో ఆమె పంక్తిలోనే కూర్చుండుచున్నాడు.

ఆమె జీవితకాలములో దేశము మారిపోయినది. ఆర్కాటు నవాబు రాజ్యము 1801లో ఈస్టిండియా కంపెనీ వశమై, తిరుమల ఆలయపు పాలనయు వారి చేతికి వచ్చెను. దక్షిణమున కావేరీతీరములో 1767లో జన్మించిన త్యాగరాజస్వామి తెలుగు కృతులతో రాముని కొలుచుచుండెను. ఎందరో మహానుభావులను తలచిన ఆయన శ్రీరాగకీర్తనలో నారదునితో పాటు తుంబురుడును స్మరింపబడెను. ఆ కాలముననే ఉత్తరమున ఏడుకొండలపై ఈ వృద్ధ తపస్విని తన చివరి దినములను గడిపినది. ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమి నాడు, 1817లో, తన యెనుబది యేడవ యేట వెంగమాంబ తిరుమలలో సమాధి చెందెను. ఆమె బృందావనము ఆలయమునకు ఉత్తరదిశను కలదు.

ఆమె గతించిన పదునేడేండ్లకు, 1834లో, మారిషస్ చెరకుతోటలకు భారతదేశపు కూలీల వలస ఆరంభమైనది. 1860లో మదరాసు నుండి ట్రూరో అను ఓడ నేటాలుకు బయలుదేరినది. తిరుమల నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను; నేటాలు తోటలకు వెళ్ళిన తెలుగువారిలోను తమిళులలోను ఆ జిల్లావారు ఎందరో కలరు. ఓడ నెక్కినవారి మూటలలో తాళపత్రములు లేవు. గుమాస్తాల పుస్తకములలో వారికి ఒక సంఖ్య వ్రాయబడినది. వారు తెచ్చుకొన్నది కంఠములోని పాట. దీపము చుట్టు తిరిగి పాడు రామభజన, గోవింద నామము, తల్లి నేర్పిన హారతి. పెద్దల యొద్ద విని నేర్చినదే వారికిని చదువు. ఆ విధముగా నేర్చి, ఆ విధముగా నేర్పినవారిలో వెంగమాంబ మనకు పెద్దమ్మ వంటిది.

గంధర్వులు పుట్టుకతోనే గాయకులని పురాణములు చెప్పును. వెంగమాంబకు అట్టి పుట్టుక లేదు. చదువు నిరాకరింపబడినది, మంగళచిహ్నములు నిరాకరింపబడినవి, గుడిలో కూర్చుండుటకు జానెడు చోటు నిరాకరింపబడినది. అయినను ఆమె పాట కోన దాటినది, కొండ దాటినది, కాలమును దాటినది. మన ఇండ్లలో సంధ్యవేళ హారతిపళ్ళెము ఎత్తు ప్రతి స్త్రీ ఆ పాటకు వారసురాలే. ఆ చేతులను నిండుగా ఎత్తనిచ్చుట, ఆ కంఠమును నలుగురిలో వినిపింపనిచ్చుట, భర్త పోయినదని ఏ యాడుబిడ్డను శుభకార్యమున వెనుకకు నెట్టకుండుట, వెంగమాంబను పూజించువారు చేయదగిన పూజ. ప్రతి యేడును శ్రావణ శుద్ధ నవమినాడు తిరుమలలో ఆమె వర్ధంతి జరుగును. ఆ రాత్రియు స్వామి పవళించుటకు ముందు ముత్యాలహారతి వెలుగును.